కరకరలాడిన ముల్లంగి

"ఇదా ఫ్రైస్?" అన్నాడు దుంపలాయన.

ట్రేలోంచి ఒక ముల్లంగి ముక్కని రెండు వేళ్ళతో పట్టుకుని పైకెత్తాడు. ముక్క నడుం వంచింది. ఇంకాస్త వంగింది. చివరికి మధ్యకి తెగి, ఎక్కణ్ణుంచి లేచిందో అక్కడే చతికిలబడింది.

"నవ్వండి," అంది డ్రైవరమ్మ. "కడుపులో దాచుకోవడం దేనికి?"

"నేనెక్కడ నవ్వాను?"

"మీసం నవ్వుతోంది."

కిటికీ పక్కన కుర్చీలో పేపరు చదువుతున్న అత్తగారు కళ్ళజోడు మీదుగా చూసింది. "నీ దుంప తెగ, దాని అవస్థ దానిది. నీకు వేళాకోళంగా ఉందిరా?" అంది కొడుకుతో. ఆ ఇంట్లో ఆ తిట్టు రోజుకి నాలుగుసార్లయినా వినబడుతుంది. బంగాళాదుంపలు వేయించి బతికేవాడిని అలా తిట్టచ్చా అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఐదు రోజులు, ఐదు ట్రేలు. మొదటిది మెత్తన. రెండోది మెత్తన. మూడోది పైన మాడి లోపల మెత్తన. నాలుగోదాని గురించి ఆ ఇంట్లో మాట్లాడరు. ఐదోది ఇదిగో, ఇప్పుడే నడుం విరిగి పడింది.

ఫ్రిజ్ తలుపు మీద డిపో డాక్టరు ఇచ్చిన కాగితం అంటించి ఉంది. ఇరవై ఒక్క గళ్ళు, ఇరవై ఒక్క రోజుల సెలవు. రోజూ మధ్యాహ్నం భోజనమైన రెండు గంటలకి డ్రైవరమ్మ వేలు పొడుచుకుని, మీటరు చూసి, వచ్చిన నంబరు గడిలో రాయాలి. ఇరవై ఒక్క గళ్ళలో మూడింటి వరకూ నూట ఎనభై దాటచ్చు. నాలుగోది దాటిందా, పదకొండో నంబరు బస్సు స్టీరింగు ఇక ఆమెది కాదు. టికెట్ల కిటికీ వెనక కుర్చీ ఆమెది. పంతొమ్మిదేళ్ళ సర్వీసు, ఒక్క గీత పడని లైసెన్సు, అన్నీ ఆ కాగితం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాయి.

అంత దాకా తెచ్చుకున్నది కూడా తనే. వారం కిందట మార్కెట్టు మలుపులో, ఎదురుగా ఉన్న రోడ్డు ఉన్నట్టుండి తెల్లబడిపోయింది. బస్సు పక్కకి తీసి ఆపింది. ఎవరికీ ఏమీ కాలేదు, ఎవరూ ఫిర్యాదు చేయలేదు. డిపోకి ఫోన్ చేసి "నాకు కళ్ళు కనిపించలేదు, వేరే డ్రైవర్ని పంపండి" అని చెప్పింది తనే. జరిగింది కాగితం మీద రాసి సంతకం పెట్టిందీ తనే. రక్తంలో చక్కెర ఆకాశంలో ఉందని తేలింది ఆ తర్వాత.

"ఉడకబెట్టుకుని తినరాదూ?" అన్నాడు దుంపలాయన. "ముల్లంగిని ఫ్రైస్ చెయ్యాలని పంతం దేనికి?"

"నా గురించి నాకు తెలుసు కాబట్టి," అంది. "ఉడకబెట్టినవి వారం తింటాను. ఎనిమిదో రోజు మీ కొట్టు ముందు నిలబడి రెండు పొట్లాలు లాగించేస్తాను. నిన్న కొట్టు ముందు నుంచి వస్తుంటే నా కాళ్ళు వాటంతటవే ఆగాయి. మనసుకి ఫ్రైస్ కావాలి. ఒంటికి బంగాళాదుంప పనికిరాదు. మధ్యలో ఏదో ఒకటి నేనే చేసుకోవాలి."

ఆ మాట అబద్ధం కాదు. పెళ్ళైన మర్నాటి నుంచి ఈ ఇరవై రెండేళ్ళూ, కొట్టు మూసే ముందు చివరి వాయిలోంచి ఒక పొట్లం కట్టి ఆయన ఇంటికి తెచ్చేవాడు. ముద్దూ మురిపెం మాటల్లో చెప్పడం ఆ మనిషికి రాదు. పొట్లమే మాట. గత వారం నుంచి ఆ పొట్లం ఆగిపోయింది. చేతులు ఖాళీగా ఇంటికి రావడం ఆయనకీ కొత్తే.

"అయితే ఇంకాసేపు నానబెట్టాల్సింది," అన్నాడు. "ఎంతసేపు నానింది?"

"మూడు గంటలు."

"చాలదు. నా కొట్లో నాలుగు."

డ్రైవరమ్మ ట్రే వంక చూసింది. అడుగున వేలెడు మందాన నీళ్ళు. కోసింది కోసినట్టు నీళ్ళలో పడాలి. ఆ ఇంటికి వచ్చిన మొదటి వారంలో ఆమె నేర్చుకున్న పాఠం అది. ఈ ఇంట్లో దుంప కోస్తే పక్కన తొట్టి ఉండి తీరాలి.

"ఏమండీ, బంగాళాదుంప ముక్కలు ఎందుకు నానబెడతారు?"

"ఎందుకేంటి? పిండి దిగిపోవాలి. పిండి ఉంటే ముక్క నల్లబడుతుంది, ఒకదానికొకటి అంటుకుంటుంది."

"మరి ముల్లంగిలో దిగిపోవడానికి పిండి ఎక్కడుంది?"

ఆయన ట్రేలోంచి ఒక ముక్క తీసి వేళ్ళ మధ్య నలిపాడు.

"ఇందులో ఉన్నదే నీళ్ళు," అంది డ్రైవరమ్మ నెమ్మదిగా. "నీళ్ళని తీసుకెళ్ళి నీళ్ళలో నానబెట్టి, ఐదు రోజులుగా కరకరలాడలేదని ఏడుస్తున్నాను."

"నీళ్ళలో వెయ్యకుండా ఎలా వండుతావ్?" అన్నాడు, ఎవరో తన వంశాన్ని తిట్టినట్టు మొహం పెట్టి.

"చూస్తూ ఉండండి."

*

మర్నాడు ఆమె తొట్టిని బాల్కనీలో బోర్లించింది.

ముల్లంగి, టర్నిప్ చెరి సగం. బంగాళాదుంపలో ఉండే కార్బోహైడ్రేట్లలో ముల్లంగిలో ఐదో వంతు ఉంటే గొప్పని, టర్నిప్‌లో మూడో వంతని ఆడపడుచు చెప్పింది. ఆడపడుచు పై అంతస్తులోనే ఉంటుంది, రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం. ఆమె నోటి నుంచి లెక్క వచ్చిందంటే అది లెక్కే.

ముక్కలు వేలంత మందాన కోసింది. ఉప్పు చల్లి అరగంట వదిలేసింది. గిన్నె అడుగున అరగ్లాసు నీళ్ళు ఊరాయి. ముక్కల్ని పాత తువ్వాల్లో మూటగట్టి, ఇంకో తువ్వాలు పైన వేసి, స్టీరింగు మీద పంతొమ్మిదేళ్ళు కాయలు కాచిన చేతులతో ఒత్తింది. ఓవెన్ రెండు వందల ఇరవైకి పెట్టి, ట్రే కూడా లోపలే వేడెక్కనిచ్చింది. రెండు చెంచాల నూనె, మిరియాల పొడి. ముక్కకీ ముక్కకీ మధ్య వేలు పట్టే సందు. ఐదు రోజులుగా కుప్పగా పోసింది, అవి ఒకదాని ఆవిరిలో ఒకటి ఉడికాయి. ప్రయాణికులకీ అంతే, ఊపిరాడాలి.

ఇరవై నిమిషాలకి తిరగేసింది. ఇంకో ఇరవై నిమిషాలకి ఓవెన్ ఆపి, తలుపు ఓరగా తెరిచి, పావుగంట కదపలేదు.

అంచులు గోధుమరంగుకి తిరిగాయి. ముక్క నిలబడింది. కొరికితే పైన గట్టిగా తగిలి, లోపల మెత్తగా దిగింది. కరకర లేదు. కానీ తినచ్చు. చాలా బాగా తినచ్చు. ముల్లంగి ఘాటు ఎటు పోయిందో తెలియలేదు.

"అత్తయ్యా, తిని చూడండి."

అత్తగారు రెండు తింది. మూడోది అడక్కుండానే తీసుకుంది. "బానే ఉన్నాయే అమ్మాయ్! పళ్ళు లేనివాళ్ళకి మరీను."

మూడు గంటలకి మీటరు నూట యాభై ఒకటి చూపించింది. డ్రైవరమ్మ ఆ నంబరుని గడిలో రెండుసార్లు దిద్ది రాసింది.

భోజనానికొచ్చిన దుంపలాయన ఒకటి కొరికి, నమిలి, గోడ వంక చూస్తూ "ఫర్వాలేదు" అన్నాడు. ఆయన వృత్తిలో ఫర్వాలేదంటే చెత్తబుట్ట అని అర్థం. ముప్ఫై ఏళ్ళలో ఆ మాట అనిపించుకున్న వాయి కొట్టు కిటికీ దాటలేదు.

"రేపటి నుంచి నేను చేస్తా," అన్నాడు.

"మీరా?"

"నా ఇంట్లో, నా పెళ్ళాం, ఫర్వాలేదనే ఫ్రైస్ తినడమేంటి? నాకు నామోషీ కాదూ?"

డ్రైవరమ్మ పళ్ళెం ఆయన ముందుకి జరిపింది. ఐదు రోజులుగా వెక్కిరిస్తున్న మనిషి. "చెయ్యండి," అంది. "కానీ పద్ధతి ఇదే. నానబెట్టద్దు."

"నాకు చెప్పాలా?" అని చెయ్యి కడుక్కుంటూ, "అది సరే గానీ, ఆ టికెట్ల కిటికీ మాత్రం ఏం తక్కువ? ఫ్యాను ఉంటుంది, ఎండ తగలదు. నడుం నొప్పి తగ్గుతుంది," అన్నాడు.

"నా నడుం బానే ఉంది," అంది ఆమె. మాట అక్కడితో తెగింది.

*

దుంపలాయన చేసిన మొదటి ట్రే ఎప్పటికీ చెప్పుకోదగ్గది. ఓవెన్లోంచి తీసి ట్రేని ఒకసారి ఊపాడు. గలగలమంది. ఆ చప్పుడుకి అత్తగారు పేపరు పక్కన పడేసింది.

డ్రైవరమ్మ ఒకటి కొరికింది. కరకర. ఇంకోటి. కరకర. నిజం చెప్పాలంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఏం చేశారండీ?"

"చేతివాటం."

"చెప్పండి!"

"ముప్ఫై ఏళ్ళ చెయ్యి అది. నోటితో చెబితే వస్తుందా?"

మూడు గంటలకి మీటరు నూట తొంభై ఆరు చూపించింది. డ్రైవరమ్మ వేలు తుడుచుకుని మళ్ళీ పొడుచుకుంది. నూట తొంభై ఐదు. సంతోషం పట్టలేక రెట్టింపు తిన్నానేమో అనుకుని, ఎక్కువ నంబరే గడిలో రాసింది.

రెండో రోజు లెక్కపెట్టి ఇరవై ముక్కలే తింది. రెండు వందల మూడు.

ఆమె మీటరు బల్ల మీద పెట్టింది. అత్తగారు ఎదురుగా టీ తాగుతోంది.

"అత్తయ్యా, పొద్దున్న నా టీ ఎవరు కలిపారు?"

"నేనే. ఏం?"

"మొన్నామధ్య కలిపినట్టే కలిపారా?"

గత వారం ముసలావిడ కోడలి టీలో ఒక చెంచా చక్కెర వేసి పట్టుబడింది. "ఒక్క చెంచాకి ఏమవుతుందే, నోరు చేదెక్కి చస్తున్నావు" అంది అప్పుడు. ఆ మాట ఇద్దరికీ గుర్తుంది.

"లేదమ్మా. ఆ రోజు తర్వాత డబ్బా ముట్టుకోలేదు."

"మరి ఇదెలా లేచింది? మన ముగ్గురమేగా ఉన్నది ఇంట్లో? రెండు గళ్ళు పోయాయి అత్తయ్యా! మీకు ఒక చెంచా ముద్దు, నాకు పంతొమ్మిదేళ్ళ ఉద్యోగం."

అత్తగారు కప్పు కింద పెట్టింది. లేచి, చేతికర్ర తీసుకుని, తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. తిట్టినా బాగుండేది. ఆ ఇంట్లో ఆవిడ మాట్లాడకపోతే గోడ గడియారం కొట్టుకోవడం వినబడుతుంది, అది ఎవరికీ నచ్చదు.

మూడో రోజు ఆవిడ వంటింటి గడప తొక్కలేదు. పళ్ళెం గదిలోకే తెప్పించుకుంది. డ్రైవరమ్మ టీ తాగలేదు. పొద్దున్నుంచి తను ముట్టినవన్నీ తన చేత్తోనే కలుపుకుంది, ఒక్క ఫ్రైస్ తప్ప. మధ్యాహ్నం దుంపలాయన ట్రే దించి, తన భోజనం ముగించి కొట్టుకి వెళ్ళిపోయాడు. మూడు గంటలకి మీటరు రెండు వందల పదకొండు చూపించింది.

మూడు గళ్ళూ అయిపోయాయి. తొమ్మిది రోజులు గడిచాయి, ఇంకా పన్నెండు మిగిలాయి. ఇక ఒక్క నంబరు కూడా తప్పడానికి లేదు.

*

"ముల్లంగి అంత లేపదు వదినా," అంది ఆడపడుచు, డ్యూటీకి వెళ్తూ ఆగి. ఫ్రిజ్ మీది నంబర్ల పట్టీ వంక చూసింది, పళ్ళెంలో మిగిలిన నాలుగు ముక్కల వంక చూసింది. ఒకటి నోట్లో వేసుకుని నమిలింది. నమలడం మధ్యలో ఆగిపోయింది.

"ఏంటి?"

"ఇంట్లో అయోడిన్ ఉందా? దెబ్బలకి పూసేది."

బస్సులో పెట్టే మందుల పెట్టె అలమారలో ఉంది. ఆడపడుచు సీసా మూత తీసి, ముందు పచ్చి ముల్లంగి చెక్క మీద ఒక చుక్క వేసింది. చుక్క టీ రంగులోనే ఉండిపోయింది.

"పిండి లేకపోతే ఇలాగే ఉంటుంది. ఇప్పుడు దీని మీద చూడు."

ఫ్రైస్ ముక్క మీద ఇంకో చుక్క పడింది. పడీ పడగానే నీలం తిరిగి, నల్లగా కమిలిపోయింది.



"పిండి," అంది ఆడపడుచు. "లోపల కాదు, పైన. ఎవరో పొడి చల్లి కాల్చారు."

డ్రైవరమ్మ హాల్లో తగిలించిన తన యూనిఫారం దగ్గరికి వెళ్ళింది. కాలరు కర్రలా నిలబడి ఉంది. కొట్లో తొట్టి అడుగున తెల్లగా పేరుకునే బంగాళాదుంప పిండిని ఎండబెట్టి, డబ్బాలో పోసి, నెలనెలా ఆయనే తెచ్చిస్తాడు. దాంతో గంజి కాచి యూనిఫారానికి పెట్టడం ఆమెకి పంతొమ్మిదేళ్ళ అలవాటు. మెత్తబడిన వాయి మీద అదే పిండి చల్లితే కరకరలాడుతుందని ఒకసారి ఆయనే నోరు జారి చెప్పాడు.

తడి తొట్టిని బోర్లించి, అడుగునున్న పిండిని మర్చిపోయింది తను.

"వదినా, అన్నయ్య కావాలని చేసి ఉండడు," అంది ఆడపడుచు.

"నువ్వు డ్యూటీకి వెళ్ళు."

అత్తగారి గది తలుపు తట్టింది. "అత్తయ్యా, నాది తప్పు. మీరు కాదు."

ఇంకోసారి తట్టింది.

"మిమ్మల్ని అన్న మాట వెనక్కి తీసుకోలేను. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను. తలుపు తియ్యండి."

తలుపు తెరుచుకుంది. ఆవిడ అప్పటికే చెప్పులు వేసుకుని ఉంది. "గోడలు పల్చనే అమ్మాయ్, అంతా విన్నాను. కంచే చేను మేసిందన్నమాట. పద. నేనూ వస్తా."

*

కొట్టు రెండు వీధుల అవతల. నాలుగు గంటలకి సాయంత్రపు గిరాకీ ఇంకా మొదలవదు. దారిలో ఇద్దరూ మాట్లాడుకోలేదు. రోడ్డు దాటేటప్పుడు మాత్రం అత్తగారు కోడలి మోచెయ్యి పట్టుకుంది, అవతలికి చేరాక కూడా వదల్లేదు.

దుంపలాయన బాణలి ముందు నిలబడి మొదటి వాయి వేస్తున్నాడు. వెనక గోడ వారగా నీలం తొట్టి, దాని పక్క అరుగు మీద వెడల్పాటి రేకు. రేకు నిండా తెల్లటి పిండి, ఆరబెట్టి ఉంది. పిండి మీద మూడు వేళ్ళ గుర్తులు.

వాళ్ళిద్దరూ వెనక తలుపులోంచి రావడం చూసి ఆయన ముందు నవ్వాడు. తర్వాత భార్య చూపు ఎటుందో చూశాడు. ఆ పిండి రేకుకి అడ్డంగా ఒక అడుగు వేశాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడం ఇలాగే ఉంటుంది.

"నా కాలరుకి పెట్టే గంజి నా కడుపుకీ పెట్టారా?" అంది డ్రైవరమ్మ.

నూనె చిటపటలాడింది. ఆయన చిల్లుల గరిటెతో ముక్కల్ని తిప్పాడు, అవసరం లేకపోయినా.

"అడుగుతున్నాను."

"కరకర కోసం," అన్నాడు. "నా చేతి మీదుగా మెత్తటి ముక్క పోతే నాకు నిద్ర పట్టదు. నీకు తెలియనిదా? చిటికెడే కదా అనుకున్నాను."

"అది మొదటి రోజు. సాయంత్రం ఇంటికొచ్చి పట్టీ చూశారు. నూట తొంభై ఆరు. రెండో రోజు?"

"రెండో రోజు తగ్గించాను."

"తగ్గిస్తే రెండు వందల మూడెందుకొచ్చింది?"

ఆయన బాణలిలోకి చూశాడు.

"నేను ఇంట్లో ఈ ముసలావిణ్ణి దొంగని చేశాను," అంది. "మీ అమ్మని. మీరు అక్కడే కూర్చుని అన్నం తింటూ, అమ్మ గది తలుపెందుకు వేసి ఉందని కూడా అడగలేదు. మూడో రోజు సంగతి చెప్పండి."

ఆయన గరిటె పక్కన పెట్టాడు. చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. ఒక్కొక్క వేలూ విడివిడిగా తుడుచుకున్నాడు.

"మూడో రోజు తెలిసే చల్లాను."

"నీ దుంప తెగ," అంది అత్తగారు. ముప్ఫై ఏళ్ళలో ఆ మాట నిజంగా తిట్టుగా రావడం అదే మొదటిసారి. చెప్పాక ఆవిడే బెదిరిపోయి, బంగాళాదుంపల బస్తా మీద కూర్చుండిపోయింది.

"తెలిసే?" అంది డ్రైవరమ్మ.

"ఇంకొక్క గడి దాటితే నువ్వు ఆ కిటికీ వెనక కూర్చుంటావు. అంతే. ఇంటికొస్తావు. రోజూ ఇంటికొస్తావు."

"రోజూ రావట్లేదా ఇప్పుడు? పంతొమ్మిదేళ్ళలో ఒక్క రోజు రాలేదా? నాకు కనబడలేదంటే నేనే ఆపాను. నేనే ఫోన్ చేశాను. ఏ డ్రైవరు చేస్తాడండీ అలాగ? తన మీద తనే ఎవరు ఫిర్యాదు రాసుకుంటారు? రాశాను కదా, రోడ్డు తెల్లబడింది, మలుపులోనే ఆపేశానని!"

"మలుపులో ఆపలేదు నువ్వు."

ఆయన చాలా నెమ్మదిగా అన్నాడు. నూనె మోతలో తను విన్నది నిజమో కాదో అన్నట్టు ఆమె ఒక అడుగు దగ్గరికి వచ్చింది.

"ఏమన్నారు?"

"ఆ రోజు ఆ బస్సులో నేనున్నాను. స్కూటరు రిపేరుకిచ్చాను. మార్కెట్లో వెనక తలుపులోంచి ఎక్కాను, రెండు బస్తాలతో. జనంలో నువ్వు చూడలేదు. దిగేటప్పుడు చెబుదాంలే, నవ్వుతావు అనుకున్నాను." ఆగాడు. "మలుపు తిరిగావు. తిరిగాక బస్సు పోతూనే ఉంది. బ్యాంకు దాటింది, మందుల షాపు దాటింది. మధ్యలో జనం దాటే తెల్ల గీతల మీద ఒకావిడ సంచీ వదిలేసి వెనక్కి గెంతింది. ఆ తర్వాత ఆపావు."

డ్రైవరమ్మ తల అడ్డంగా ఊపింది. "లేదు."

"నేను కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. నోరు పెగల్లేదు. నీ పేరు పెట్టి అరుద్దామనుకున్నా రాలేదు."

"నేను మలుపులోనే ఆపాను. నాకు గుర్తుంది. తెల్లబడింది, కాలు బ్రేకు మీద వేశాను…"

"నీకు గుర్తున్నది అదే. నువ్వు అబద్ధం రాయలేదు. నాకు తెలుసు."

ఆమె చూపు ఎక్కడా ఆగలేదు. పంతొమ్మిదేళ్ళుగా ఆ దారిలో ప్రతి గుంట, ప్రతి స్తంభం ఆమెకి కంఠతా వచ్చు. మలుపు నుంచి మందుల షాపు దాకా ఎంత దూరమో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ దూరమంతా తను స్టీరింగు పట్టుకుని, చూడకుండా, నలభై మందిని తీసుకెళ్ళిందన్నమాట.

బాణలిలో ముక్కలు నల్లబడుతున్నాయి. అత్తగారు లేచి వెళ్ళి మంట ఆర్పింది. కిటికీ బయట ఎవరో "రెండు పొట్లాలు" అన్నారు.

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు?" అంది చివరికి.

"చెబితే నీ సీటు పోతుంది. నా నోటితో ఎలా చెప్పను?"

"నోటితో చెప్పలేక పిండితో చెప్పారా?"

ఆయన తల వంచుకున్నాడు. ఆమెకి కోపం వచ్చింది. దాంతో పాటు జాలీ వచ్చింది. రెండిటినీ మింగింది. ఏడిస్తే ఇక్కడే కూలబడతానని తెలుసు, కూలబడే తీరిక లేదు. గోడకున్న సింకు దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కుని, కొంగుతో తుడుచుకుంది.

"రేపు పొద్దున్న డిపోకి నాతో రండి. ఇప్పుడు నాకు చెప్పింది, చెప్పినట్టు, డాక్టరు ముందు చెప్పండి."

"పిచ్చా నీకు? అది చెబితే ఈ పట్టీ కూడా చూడరు. అక్కడికక్కడే తీసేస్తారు!"

"తీసేస్తే తీసెయ్యనీండి. అది దాచుకుని నేను ఆ సీట్లో కూర్చోను. విన్నాక కూడా వాళ్ళు ఒప్పుకుంటే, అప్పుడు మాత్రం నా నంబరు నాకు అడ్డం రాకూడదు. మిగిలిన పన్నెండు గళ్ళూ నూట ఎనభై లోపే ఉంటాయి. వంట నేనే చేసుకుంటాను. మెత్తగా ఉన్నా సరే, అవే తింటాను."

"నేను రాను," అన్నాడు దుంపలాయన.

"ఏమిటీ?"

"రాను. నన్ను తిట్టు, కొట్టు, ఇంట్లోంచి వెళ్ళమంటే వెళ్తాను. నువ్వు కోరుకున్న ఒక్క పనినీ నా నోటితో తీసెయ్యమంటే మాత్రం తియ్యను. ఎవరడిగినా ఆ రోజు నేను బస్సులో లేనంటాను."

ఆమె ఆయన వంక చూసింది. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్న మొహం. దాన్ని ఇవాళే చూస్తున్నట్టుంది.

"సరే," అంది. "ఆ గీతల మీద వెనక్కి గెంతినావిడ ఉందిగా. రోజూ ఆ దారినే నడిచే మనిషై ఉంటుంది. ఆవిణ్ణి వెతుక్కుని నేనే డిపోకి తీసుకెళ్తాను."

వెనక తలుపు తెరుచుకుని మార్కెట్టు వైపు నడిచింది. అత్తగారు కొడుకు వంక చూడలేదు. చేతికర్ర అందుకుని కోడలి వెనకే బయల్దేరింది.